ఏడాది ఆగుదామన్న మీ భార్య మాట గురించి

తమ్ముడూ, వందనాలు.

మీరు రాసింది రెండుసార్లు చదివాను. సికింద్రాబాదులోని మీ చర్చి సంఘం బాచుపల్లి వైపు కొత్త సంఘం మొదలుపెట్టాలనుకుంటోంది. అందుకు మీ కుటుంబాన్నీ మరో రెండు కుటుంబాలనూ పంపుతోంది. మీ పాపకు నాలుగేళ్లు, బాబుకు ఎనిమిది నెలలు. ప్రగతినగర్‌లో మీరు అద్దెకుంటున్న రెండు పడకగదుల ఫ్లాటులోనే బుధవారం ప్రార్థన, ఆదివారం ఆరాధన జరగాలని పాస్టరుగారి ఆలోచన. మీ భార్య మాత్రం ‘ఒక్క ఏడాది ఆగుదాం’ అంటోంది. ఆమెను ఎలా ఒప్పించాలి, హాల్లో దివాన్ తీసేసి జంఖానాలు కొనాలా అని అడిగారు.

ఒప్పించకండి. నా జవాబులో సగం ఈ ఒక్క మాటే. ఆమె విశ్వాసం తక్కువై ఆగుదామనడం లేదు. బాబు రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నాడో, మీ ఫ్లాటుకు నీళ్లు ఏ పూట వస్తాయో, నలభై గ్లాసులు కడగడానికి ఎంతసేపు పడుతుందో ఆమెకు తెలుసు. ఈ పని గురించి ఇప్పటివరకు మీ సంఘపు పెద్దలు మాట్లాడిన మాటలన్నీ ఆశతో మాట్లాడినవి. ఆమె మాట ఒక్కటే ఇంటి లోపలి నుంచి వచ్చింది. ఇల్లు కట్టేవాడు పునాదికి ముందు మట్టి పరీక్ష చేయిస్తాడు చూడండి, మీకు ఆ పరీక్ష ఖర్చు లేకుండా జరిగింది. దాని ఫలితం మీకు నచ్చలేదని పక్కన పెట్టకండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేనూ మా వారూ రెండు కొత్త సంఘాల పుట్టుకలో ఉన్నాం. 2004లో బోడుప్పల్‌లో ఒకటి, 2013లో హయత్‌నగర్ వైపు ఒకటి. మా వారు పాస్టరు కాదు, ఉద్యోగస్థుడు. నేను బడిలో లెక్కలు చెబుతాను. అంటే మీలాంటి కుటుంబమే. మొదటిసారి మేము అన్నిటికీ అవునన్నాం. రెండోసారి కొన్నిటికి కాదన్నాం. రెండో సంఘమే త్వరగా నిలదొక్కుకుంది, మా పిల్లలు ఇష్టంగా వెళ్లిందీ దానికే.

బోడుప్పల్‌లో మాది మేడమీది వాటా. హాలు పన్నెండడుగుల వెడల్పు, పద్నాలుగడుగుల పొడవు. మొదటి ఆదివారం పదకొండు మందిమి. నాలుగో నెలకు ముప్పై ఆరు మంది. ఆ సంఖ్య చెప్పుకుంటే ఇప్పటికీ నాకు సంతోషంగా ఉంటుంది. కానీ ఆ ముప్పై ఆరు మంది కూర్చోవాలంటే శనివారం రాత్రి మంచం ఎత్తి వంటింటి గోడకు ఆనించాలి. బీరువా ముందు పరుపులు పేర్చాలి. ఆదివారం ఐదింటికి పిల్లలను లేపాలి, ఎందుకంటే వాళ్లు పడుకున్న చోటే ఆరాధన. ఆరాధన పన్నెండుకు ముగిసినా ఎవరూ వెంటనే వెళ్లరు. వెళ్లకూడదు కూడా, సహవాసం అంటే అదే. ఒకరి కష్టం ఒకరు వినేది, పెళ్లి సంబంధం మాట కదిలేది, ఉద్యోగం పోయినవాడికి ఇంకొకరు దారి చెప్పేది ఆ తరువాతి రెండు గంటల్లోనే. మూడు గంటలకు చివరి మనిషి మెట్లు దిగాక నేను గ్లాసుల ముందు కూర్చునేదాన్ని. సోమవారం ఉదయం ఎనిమిది ఇరవైకి నాకు మొదటి పీరియడు.

ఇవన్నీ ఒళ్లు అలిసే కష్టాలు. ఒళ్లు అలిస్తే నిద్రతో తీరుతుంది. తీరనిది మరొకటి ఉంది. ఇల్లు ఎవరిదైతే ఆ ఇంటి ఇల్లాలే సంఘానికి తల్లి అయిపోతుంది. ఎవరూ నియమించరు, ఎవరూ అడగరు. అసలు పాస్టరమ్మ మరో వాడలో ఉండేది. అయినా వంటగదిలోకి నేరుగా వచ్చి తమ ఇంటి గొడవ చెప్పుకునేది నాతోనే. నా ముఖం కాస్త చిన్నబోయి ఉంటే ‘అమ్మగారికి మేము రావడం ఇష్టం లేదేమో’ అనే మాట వారంలోగా నాకే తిరిగి వచ్చేది. మీ భార్యకు ఇప్పుడు ఎనిమిది నెలల బిడ్డ. నిద్ర లేని తల్లి ముఖాన్ని ప్రతి ఆదివారం ముప్పై మంది చదువుతూ ఉంటే ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి.

పిల్లల సంగతి. మా పెద్దవాడు రెండో తరగతిలో ఉండగా బడిలో ‘మా ఇల్లు’ అని బొమ్మ వేయమన్నారు. వాడు ఒక తలుపు గీసి, దాని ముందు కాగితం నిండా చెప్పులు గీశాడు. మనుషులెవరూ లేరు. టీచరు నాకు చూపించింది. ఎందుకిలా వేశావని అడిగితే ‘లెక్కపెట్టానమ్మా, ముప్పై ఆరు జతలు’ అన్నాడు. ఏ బాధా లేకుండా చెప్పాడు. ఆ రాత్రి నేను మా వారికి ఆ కాగితం ఇచ్చాను, ఏమీ అనలేదు. ఆయన చాలాసేపు చూశారు. మరుసటి శనివారం లోపలి చిన్న గదికి గొళ్లెం బిగించారు. ఆ గది పిల్లలది. ఆదివారం అందులోకి ఎవరూ రారు, ఎంత మంది వచ్చినా సరే. వాడి రంగు పెన్సిళ్లు, సైకిలు, అమ్మాయి బొమ్మలు అందులోనే. వచ్చిన పిల్లలకు విడిగా ఒక బుట్టెడు ఆటవస్తువులు కొన్నాం. ఇంత చిన్న పని చేయడానికి మాకు రెండేళ్లు పట్టింది, ఎందుకంటే అలా గది మూయడం స్వార్థమని నేనే అనుకున్నాను.

బైబిలులో నిర్గమకాండం పద్దెనిమిదో అధ్యాయం మీకు తెలిసే ఉంటుంది. వేయిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి అధిపతులను నియమించు, భారమంతా నువ్వే మోస్తే నలిగిపోతావని మామ యిత్రో మోషేకు చెప్పిన అధ్యాయం. నాయకత్వం గురించి మాట్లాడే ప్రతి కూడికలో దీన్ని చదువుతారు. అయితే ఆ అధ్యాయం మొదలయ్యేది ఆ సలహాతో కాదు. అంతకుముందు మోషే తన భార్య సిప్పోరానూ ఇద్దరు కొడుకులనూ పుట్టింటికి పంపివేశాడు. యిత్రో అరణ్యానికి వచ్చేటప్పుడు ఆ ముగ్గురినీ వెంటబెట్టుకుని వచ్చాడు. ముందు భార్యాబిడ్డలను అప్పగించాడు, మరునాడు పని పంచుకోమన్నాడు. ఆ రెండు సంగతులూ ఒకే అధ్యాయంలో ఉండటం యాదృచ్ఛికమని నేను అనుకోను. మీ పాస్టరుగారితో మాట్లాడేటప్పుడు ఈ అధ్యాయం మొదటి ఆరు వచనాలు కలిసి చదవండి.

అకుల, ప్రిస్కిల్లల పేర్లూ మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. గుడారాలు కుట్టి బతుకుతూ, తమ ఇంట్లో సంఘాన్ని చేర్చుకున్న దంపతులు. కొత్త నిబంధనలో వాళ్ల ప్రస్తావన ఆరుసార్లు వస్తుంది. ఆరుసార్లూ ఇద్దరి పేర్లూ కలిసే వస్తాయి, ఒక్కరి పేరు విడిగా ఒక్కసారీ రాదు. మీ ఇంటి నుంచి వెళ్లే అవుననే మాట కూడా అలాగే వెళ్లాలి.

ఇక చోటు గురించి. అపార్టుమెంటు ఫ్లాటులో ప్రతి ఆదివారం ఆరాధన పెట్టవద్దని నా గట్టి సలహా. ఎనిమిది, పదిమందితో ప్రార్థన కూడిక వేరు, నలభై మందితో వారం వారం ఆరాధన వేరు. లిఫ్టు దగ్గర, పార్కింగులో, మెట్లమీద చెప్పుల దగ్గర మొదలయ్యే చిన్న చికాకు ఆరు నెలల్లో అసోసియేషన్ సమావేశంలో ఫిర్యాదుగా మారుతుంది. అప్పుడు అది మతానికి సంబంధించిన గొడవలా కనబడుతుంది గానీ, మొదలైంది పార్కింగు దగ్గర. బోడుప్పల్‌లో మా ఇంటి యజమాని మంచి మనిషి. కింది వాటావాళ్లు మూడుసార్లు చెప్పాక ఆయన మమ్మల్ని ఇల్లు ఖాళీ చేయమన్నాడు. ఆయన తప్పు లేదు. అద్దెకు దిగేటప్పుడు ఇంట్లో కూడికలు జరుగుతాయని మేము ముందే చెప్పలేదు. మీరు ముందే చెప్పండి. యజమానికీ, పక్కింటికీ, కింది ఫ్లాటుకూ మీ ఇద్దరూ స్వయంగా వెళ్లి చెప్పండి. ఏ రోజు, ఎన్నింటికి, ఎందరు వస్తారో చెప్పి ఫోను నంబరు ఇవ్వండి.

మైకు వద్దు. చిన్న హాలుకు మైకు అవసరమే లేదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకరు వాడకూడదు. కంజీరా, హార్మోనియం చాలు. గొంతెత్తి పాడే సంఘానికి అవి కూడా ఎక్కువే.

ఆదివారానికి హాలు వెతకండి. మేము ఒక ప్రైవేటు బడి పైఅంతస్తు కొన్నాళ్లు, తరువాత ఒక చిన్న ఫంక్షన్ హాలు వాడాం. ఫంక్షన్ హాలులో ఒక ఇబ్బంది ముందే తెలుసుకోండి. ఆషాఢంలో, పుష్యంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి హాలు ఖాళీ. శ్రావణం, మాఘం వచ్చాయంటే మంచి ముహూర్తమున్న ఆదివారం యజమాని మనకు ఇవ్వడు. నెలకు పది గంటలు వాడుకునే మనకంటే ఒక్క పెళ్లి అతనికి ఎక్కువ. అందుకే మా పెద్దలలో ఒకరు ఏడాది మొదట్లోనే క్యాలెండరులో ముహూర్తాల తేదీలు గుర్తు పెట్టి, ఆ ఆదివారాలకు మరో చోటు మాట్లాడి ఉంచేవారు. ఆషాఢంలో ఇంకొకటి. హైదరాబాదులో బోనాలు ఎక్కువగా ఆదివారాల్లోనే. మన వీధిలో బోనాలున్న రోజు దారులు మూసి ఉంటాయి, డప్పులు ఉంటాయి, ఆ పండుగ మన పొరుగువారిది. ఆ ఆదివారం మేము ఆరాధనను ఉదయం ఆరున్నరకు మార్చి, ఎనిమిదిన్నరకల్లా ముగించేవాళ్లం. ఆ మర్యాదను వీధివాళ్లు గుర్తుంచుకున్నారు. తరువాత మేము క్రిస్మస్‌కు ఇంటింటికీ పాడుతూ తిరిగే క్యారల్స్‌కు వాళ్ల గుమ్మాల్లో లైటు వేసి ఉండేది.

డబ్బు గురించి మీరు ఒక్క మాటా రాయలేదు, అందుకే నేను రాస్తున్నాను. ముప్పై మందికి టీ అంటే లీటరున్నర పాలు, చక్కెర, గ్యాసు. మాకు నలభై ఐదు రోజులు వచ్చే సిలిండరు ఇరవై ఎనిమిది రోజులకే అయిపోయేది. వేసవిలో బోరు అడుగంటితే ట్యాంకరు. పెట్రోలు, కరెంటు, వచ్చినవారికి అన్నం. ఇవన్నీ ప్రేమతో పెట్టేవే, కానీ కనబడకుండా పోతాయి. ఏడాది చివర మేము మా అమ్మాయి బడి ఫీజుకు అప్పు చేశాం, ఎందుకు చేయాల్సి వచ్చిందో మాకే అర్థం కాలేదు. రెండోసారి ఒక నోటుపుస్తకం పెట్టాను. మూడు నెలలు సంఘం కోసం ఇంట్లో అయిన ప్రతి ఖర్చూ రాసి పెద్దల ముందు పెట్టాను. వాళ్లు నిర్ఘాంతపోయారు. అప్పటినుంచి టీ, నీళ్లు, కూడిక ఖర్చు సంఘం ఖాతాలోంచి వెళ్లింది. మీరు ఆదాయంలో పదోవంతుగా ఇచ్చే దశమభాగం వేరు, ఇంటి మీద పడే ఖర్చు వేరు. రెండూ కలిపేస్తే ఆ భారం మీ పిల్లల చదువు మీద పడుతుంది.

కానుకలు మీ సొంత ఫోను నంబరుకు రానివ్వకండి. ఇది చాలా చోట్ల జరుగుతోంది. మొదట్లో సంఘానికి ఖాతా ఉండదు కాబట్టి నమ్మకమైన తమ్ముడి నంబరుకు అందరూ పంపుతారు. ఏడాది తిరిగేసరికి ఆ మొత్తమంతా మీ ఆదాయంలా కనబడుతుంది. లెక్క అడిగినవాడు మీ మనసు నొప్పిస్తాడు, అడగనివాడు వెనుక మాట్లాడతాడు. 2001 నాటి సొసైటీల చట్టం కింద సంఘం నమోదుకు కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఆ ఏడుగురూ మీ బంధువులు కాకుండా చూడండి. పాన్ తీసుకుని, ఇద్దరి సంతకాలతో నడిచే ఖాతా తెరవండి. అది అయ్యేదాకా మీ మాతృ సంఘం ఖాతాలోకే కానుకలు వెళ్లాలి.

ఒకవేళ అమెరికాలో ఉన్న మీ బావగారు సాయం చేస్తానంటే ఒక విషయం చూసుకోండి. భారత పౌరుడు తన సొంత సంపాదన నుంచి పంపితే అది విదేశీ విరాళం కాదు. ఆయన అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే, మన రక్తసంబంధీకుడైనా సరే, 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి లేని సంఘం ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. ప్రేమతో వచ్చిన డబ్బు కదా అని ఇక్కడ పొరపడినవాళ్లను చూశాను.

నేను పుట్టి పెరిగింది సీఎస్ఐలో, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో. 1947 సెప్టెంబరు 27న దక్షిణాదిలోని పలు ప్రొటెస్టెంటు సంఘాలు కలిసి అదిగా ఒకటైనప్పటి సంగతులు మా తాతగారు చెబుతుంటే విన్నదాన్ని. పాత సంఘంలో ఉన్నప్పుడు కొన్ని వాటంతటవే ఉన్నాయనుకుంటాం. కొత్త సంఘానికి వచ్చాక గానీ అవి ఎవరో కూడబెట్టి ఉంచినవని తెలియదు. మా సంఘంలో మొదటి పెళ్లి కుదిరినప్పుడు మా యువ పాస్టరుకు పెళ్లి జరిపించే లైసెన్సు లేదని తేలింది. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం మాలాంటి స్వతంత్ర సంఘపు పాస్టరుకు అది ఉండాలి. నీళ్లలో ముంచి ఇచ్చే మొదటి బాప్తిస్మాలకు పక్క సంఘంవారి తొట్టి అడిగి తీసుకున్నాం.

ఇవి చిన్నవి. మొదటి మరణం చిన్నది కాదు. శ్రీకాకుళం నుంచి కొడుకు దగ్గరకు వచ్చి ఉంటున్న పెద్దావిడ. మా పిల్లలకు పాటలు నేర్పిన మనిషి. తెల్లవారుజామున పోయింది. ఎక్కడ పెట్టాలి? నారాయణగూడ, బోయిగూడ లాంటి పాత సమాధి తోటల్లో చోటు ఎప్పుడూ కరువే, పైగా ఆ కుటుంబానికి నగరంలో ఏ పాత సంఘంలోనూ పేరు లేదు. సాయంత్రం నాలుగు దాకా మా వారూ మరో ఇద్దరూ ఫోన్లు చేస్తూ తిరిగారు. ఆ కొడుకు మా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేదు. చివరికి మేము ఒకప్పుడు వదిలి వచ్చిన పాత సంఘం పెద్దలే చోటు ఇచ్చారు. కాబట్టి కొత్త సంఘం పేరు, బోర్డు రంగు గురించి మాట్లాడుకునే ముందే సమాధి స్థలం గురించి మాతృ సంఘంతో రాతపూర్వకంగా మాట్లాడుకోండి. మీరు వదిలి వెళ్లే సంఘంతో మంచిగా వెళ్లండి.

రాత్రివేళ తలుపు తట్టేవాళ్లుంటారు. తాగివచ్చిన భర్త కొట్టాడని ఇద్దరు పిల్లలతో ఒక అమ్మాయి పదకొండింటికి వస్తుంది. ప్రార్థన చేసి, సర్దుకుపొమ్మని వెనక్కి పంపకండి. నేను ఒకసారి అలా పంపాను, ఆ తప్పుకు నాకు నేను జవాబు చెప్పుకోలేను. ఆ రాత్రికి ఆమెకు చోటు ఇవ్వాలి, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోను చేయాలి, పిల్లల మీద దెబ్బలుంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చేయాలి. అయితే ఆ చోటు ప్రతిసారీ మీ ఇల్లే కానక్కరలేదు. మూడు కుటుంబాలు వంతులు వేసుకోండి. మీరు ఒంటరిగా ఉన్నప్పుడు సంఘంలోని స్త్రీ సమస్య వినడానికి కూర్చోవద్దు, మీ భార్యను కూడా ఒంటరిగా బరువైన విషయాల్లోకి తోయవద్దు. వంటింట్లో విన్నది భోజనాల దగ్గర పిల్లల ముందు మాట్లాడుకోవద్దు. మా అమ్మాయి తొమ్మిదేళ్లకే ఎవరి భర్త తాగుతాడో చెప్పగలిగేది. అది నేను చేసిన తప్పే.

సంఖ్యలతో మనసు పాడుచేసుకోకండి. బాచుపల్లి, నిజాంపేట వైపు ఉండేవాళ్లలో చాలామంది ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు. సంక్రాంతికి నగరం ఖాళీ అవుతుంది, మే నెలలో పిల్లల సెలవులకు మళ్లీ ఖాళీ. నలభై మందికి వంట చేసుకుని కూర్చుంటే సంక్రాంతి ఆదివారం మేము ఆరుగురమే. ఆ రోజు మా వారు వాక్యం చెబుతూ గొంతు పూడుకుపోయి ఆగిపోయారు. డిసెంబరులో దానికి వ్యతిరేకం. పండుగకు ముందే జరిపే సెమీ క్రిస్మస్‌లు, రాత్రి రెండింటి దాకా క్యారల్స్, తరువాత డిసెంబరు 31 రాత్రి ఆరాధన, వాచ్ నైట్. మొదటి ఏడాది పది రాత్రులు క్యారల్స్‌కు తిరగవద్దు, మూడు చాలు. మీ బాబు చలిలో దగ్గుతూ ఉంటే అది సేవ కాదు.

ఇంత చెప్పి, మీరు వెళ్లవద్దని నేను అనడం లేదు. అలా అర్థం చేసుకుంటే నాకు బాధ. 2009లో నాకు టైఫాయిడ్ వచ్చింది. మూడు వారాలు మంచం దిగలేదు. ఆ మూడు వారాలూ మా ఇంట్లో ఏ పూట ఎవరు వండారో నాకు తెలియదు. ఆ మేడమెట్లు ఎక్కి వచ్చినవాళ్లే పిల్లలకు జడలు వేసి బడికి పంపారు. ఒక తాపీమేస్త్రీ తమ్ముడు రోజూ పనికి వెళ్లే ముందు వచ్చి నీళ్లు పట్టి పెట్టేవాడు. పాత పెద్ద సంఘంలో నాకు వందలమంది తెలుసు, కానీ నా వంటింట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలిసినవాళ్లు అక్కడ లేరు. మా పెద్దవాడు ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తూ, వాడుండే చోట మొదలైన ఒక చిన్న సంఘంలో పిల్లలకు సండే స్కూలు చెబుతున్నాడు. మేము చెప్పలేదు. వాడే ఎంచుకున్నాడు. ఆ గొళ్లెం బిగించకపోయి ఉంటే ఎంచుకునేవాడా అని అప్పుడప్పుడూ అనుకుంటాను.

మీ స్థానంలో నేనుంటే ఇలా చేస్తాను. ముందు మీ భార్యను, ఏడాదిలో ఏమి మారితే తనకు సులువవుతుందో అడుగుతాను. బాబు నడవడమా, పాప బడికి కుదురుకోవడమా, తను తిరిగి ఉద్యోగంలో చేరడమా, లేక మీరు ఆదివారం సాయంత్రం ఇంట్లో ఉండటమా? జవాబు చెప్పేదాకా మధ్యలో మాట్లాడను. మా వారు హయత్‌నగర్‌కు ముందు నన్ను ఇలాగే అడిగారు. నేను చెప్పింది ఒక్కటే: గ్లాసులు నేను కడగను. ఆయన నవ్వలేదు, రాసుకున్నారు. అక్కడ గ్లాసులు మగవాళ్లే కడిగారు, ఇప్పటికీ వాళ్లే కడుగుతున్నారు.

తరువాత ఇద్దరూ కలిసి పాస్టరుగారి దగ్గరకు వెళ్లండి. బాబుకు ఏడాది నిండేదాకా మీ ఇంట్లో ఏ కూడికా ఉండదని చెప్పండి. అప్పటిదాకా మీరు మిగతా రెండు కుటుంబాల ఇళ్లకు వెళ్లవచ్చు. ఆ తరువాత కూడా మూడు ఇళ్లలో వంతులవారీగా, మీ ఇంట్లో మూడు వారాలకొక బుధవారం, రాత్రి తొమ్మిదికి ముగింపు. ఆదివారం హాలులో. వారంలో ఒక రోజు మీ ఇంటి తలుపు మీ కోసమే మూసి ఉంటుంది, ఆ రోజు ఏదో పెద్దలందరికీ తెలిసి ఉండాలి. మాకు అది శుక్రవారం సాయంత్రం. పద్దెనిమిది నెలలకు ఒకసారి కూర్చుని, ఇంకా కొనసాగాలా అని మీ భార్యను అందరికంటే ముందు అడగాలి. ఆమె కాదంటే సంఘం తలవంచుకుని ఒప్పుకోవాలి. పాస్టరుగారు వీటికి ఒప్పుకోకపోతే, ఆయన కోరుతున్నది ఒక కుటుంబాన్ని కాదు, ఒక హాలును. హాలు అద్దెకు దొరుకుతుంది.

మీ పాస్టరుగారు మంచివారే అయి ఉంటారు. మంచి పాస్టరు ఈ మాట విని ఊపిరి పీల్చుకుంటాడు, ఎందుకంటే ఆయన ఇంట్లోనూ ఒక భార్య ఇవే మాటలు చెప్పి ఉంటుంది.

దివాన్ సంగతి అడిగారు కదా. తీయకండి. జంఖానాలు రెండు కొనండి, కానీ దివాన్ గోడ పక్కనే ఉండనివ్వండి. మీ భార్య బాబుకు పాలివ్వాలంటే వీపు ఆనించుకునే చోటు కావాలి. మీ ఇంటికి వచ్చే మొదటి పదిమందిలో మరో పాలిచ్చే తల్లి ఉంటే, వాళ్లిద్దరూ పక్కపక్కన కూర్చుంటారు.

వందనాలతో,
మీ అక్క